హనుమయ్యగారి ఏకపత్నీవ్రతం

హెర్న్‌డన్, వర్జీనియా
ఆగస్టు 25, 2009

మహారాజశ్రీ తాతయ్యగారి దివ్యసముఖానికి,

మనవడు వేణుమాధవ్ బేస్‌మెంటులోంచి తల పైకెత్తి చేసుకునే విన్నపాలు. నేను బాగానే ఉన్నాను. నా కారు బాగాలేదు. నోవైలో మీరు ఏసీ తగ్గించమని శ్రీధర్ బాబాయితోనూ, పెంచమని పిన్నితోనూ ఏకకాలంలో యుద్ధం చేస్తున్నారని బామ్మ ఫోన్లో చెప్పింది. అంటే మీరూ బాగానే ఉన్నారు.

మీరు ఈమెయిలుని ఉత్తరంగా గుర్తించరు కనక స్టాంపు అంటించి మరీ రాస్తున్నాను. ఇక్కడ నా వయసువాడు పోస్టాఫీసులో నిలబడితే, ఏదో పార్సెల్ పోయి వచ్చాడనుకుని కౌంటర్లో ఆవిడ జాలిపడుతోంది.

తమ ఉత్తర్వు శిరోధార్యం. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగకి అమెరికాలో ఉన్న మన వాళ్ళందరూ బాబాయి ఇంట్లో చేరేనాటికి, గోడంత బ్యానరు మీద మన వంశవృక్షం సిద్ధంగా ఉంటుంది. మాస్టర్స్ డిగ్రీ ఇందుకే చేశానని ఇప్పుడు అర్థమైంది. కొమ్మల చివర చోటు చాలక బాబాయి పిల్లలు ఆరవ్, తన్విల పేర్లని మామిడికాయల్లో ఇరికించాను. చెట్టు మొదట్లో మీ ముత్తాతగారు హనుమయ్యగారు ఉన్నారు. ఫొటో లేదు కాబట్టి తలపాగా బొమ్మ ఒకటి పెట్టాను. తలపాగా కింద ఏం రాయమంటారో సెలవివ్వండి.

ఇంకో సంగతి. మొన్న ఆదివారం లోకమంతా వినాయక చవితి చేసుకుంటే, మన ఇంటి ఆచారం ప్రకారం నేను సోమవారం, పంచమి నాడు, ఆఫీస్‌కి సెలవు పెట్టి చేసుకున్నాను. నేను అద్దెకుండే ఇంటి యజమానురాలు సుమతిగారి నాన్న దామోదరంగారు మెట్లు దిగి వచ్చి, "ఏమయ్యా, వినాయకుడు నిన్ననే వచ్చి వెళ్ళిపోయాడు కదా?" అన్నారు. ఆయన అక్కగారు రాధారాణిగారు మాత్రం నవ్వలేదు. నా ఉండ్రాళ్ళ వంక ఓసారి చూసి పైకి వెళ్ళిపోయారు. ఉండ్రాళ్ళు రాళ్ళలా ఉన్న మాట నిజమే.

విధేయుడు,
వేణు


నోవై, మిషిగన్
సెప్టెంబరు 3

చిరంజీవి వేణుకి ఆశీస్సులు.

నీ ఉత్తరం దిద్ది దీంతో పాటు వెనక్కి పంపుతున్నాను. అక్షరదోషాలు తక్కువే. వెటకారం ఎక్కువ. దానికి మార్కులు తీసేశాను. ఏసీ విషయంలో మీ బామ్మ చాడీలు నమ్మకు.

మీ దామోదరంగారికి చెప్పు: చవితి సాయంత్రం చంద్రదోషం ఉంటుంది. పంచమి ఉదయానికి అది కడిగేసినట్టు పోతుంది. ఈ సూక్ష్మం పట్టుకున్నది మన వంశం ఒక్కటే. ఆలస్యం మనది కాదు. లోకం ఒకరోజు తొందరపడుతోంది.

తలపాగా కింద బంగారు రంగులో ఇలా రాయి: "కాలువ ఓవర్సీరు, ఏకపత్నీవ్రతులు, బ్రహ్మశ్రీ హనుమయ్యగారు." పక్కనే "ధర్మపత్ని మీనాక్షమ్మగారు." ఇదేదో మామూలు మాట అనుకునేవు. విక్టోరియా రాణిగారి రోజులవి. కాస్త ఉద్యోగం, కాస్త మీసం ఉన్న ప్రతివాడూ రెండో పెళ్ళికి తయారయ్యేవాడు. అప్పుడు ఆయన రాజమండ్రి సభల్లో నిలబడి "ఒక పురుషుడికి ఒకే భార్య" అని ఉపన్యాసాలిచ్చారు. నేను హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ నీతిపాఠం ఆయన పేరుతోనే మొదలుపెట్టాను. ఫ్రీమాంట్ నుంచి మీ విశ్వనాథం చిన్నతాత కూడా వస్తున్నాడు. అందరి ముందూ ఆ బ్యానరు విప్పి, ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. ఈ వయసులో నాకున్న కోరిక అదొక్కటే.

మామిడికాయలు తీసెయ్. వంశవృక్షం పచ్చడి సీసా మీద బొమ్మ కాదు.

మీ తాతయ్య,
సీతారామయ్య


హెర్న్‌డన్
సెప్టెంబరు 19

తాతయ్యగారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. ఇప్పటికే కూర్చుని ఉంటే పడుకుని చదవండి.

నిన్న మహాలయ అమావాస్య కదా. సుమతిగారికి ఆఫీసు, దామోదరంగారికి డ్రైవింగ్ రాదు. అందుకని తర్పణాలకి ఆయన్ని నేను తీసుకెళ్ళాను. ఓ పెద్ద హాలు, తివాచీ మీద ప్లాస్టిక్ షీట్లు, మనిషికో అల్యూమినియం ట్రే. వరసల్లో కూర్చున్న పెద్దమనుషులు, పంచెల కింద కనపడుతున్న షార్టులు. పంతులుగారు మైకులో మంత్రం చెప్పి, పేర్ల దగ్గర ఆపుతారు. అప్పుడు ఎవరి పెద్దల పేర్లు వాళ్ళు చెప్పుకుంటారు. ఆ కాసేపూ హాలు హాలంతా రైతుబజారే. మా నాన్న నిక్షేపంలా ఉన్నాడు కనక నాకు అక్కడ నువ్వుల డబ్బా పట్టుకునే ఉద్యోగం తప్ప వేరే హోదా లేదు.

దామోదరంగారికి కాస్త చెవుడు. అందుకని అరుస్తారు. "శాలంకాయన గోత్రం" అని అరిచారు. మన గోత్రమే, సరే, లోకంలో బోలెడుమంది ఉంటారు. తండ్రి పేరు వేరు, తాత పేరు వేరు. ముత్తాత దగ్గరికొచ్చేసరికి "హనుమయ్య శర్మాణం" అన్నారు. చిన్నప్పుడు మీ పక్కన ఇదే నువ్వుల డబ్బాతో ఎన్నిసార్లు నిలబడ్డాను! ఆ పేరు నా చెవిలో ఉంది. ముత్తవ్వ పేరు మాత్రం మీనాక్షమ్మ అనలేదు. గవరమ్మ అన్నారు.

కార్‌లో అడిగాను. "అంకుల్, మీ ముత్తాతగారు ఏం చేసేవారు?"

"కాలవ ఓవర్సీరయ్యా! ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా ఆయనదే రాజ్యం."

"ఇంటిపేరు?"

ఆయన అద్దం దించి, మళ్ళీ ఎత్తి, "మాది మా ముత్తవ్వ పుట్టింటి పేరు. ఆయనది మాకు దక్కలేదు" అన్నారు.

ఇంటికి రాగానే రాధారాణిగారు గారెలు వేస్తూ, "మీది కాకినాడ కదూ?" అన్నారు. అవునన్నాను. "పంచమి నాడు వినాయకుణ్ణి పెట్టినప్పుడే అనుకున్నాను. కాకినాడలో హనుమయ్యగారింట చవితి పంచమి నాడేనని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ ఇల్లే మీది" అని స్టవ్ కట్టేశారు.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. గవరమ్మగారు పసితనంలోనే మొగుడు పోయిన పిల్ల. రాజమండ్రిలో వితంతువులకి పెళ్ళిళ్ళు చేస్తున్న రోజుల్లో ఆవిడకీ చేశారు. బయట జనం రాళ్ళు వేస్తుంటే, గుమ్మం దగ్గర పోలీసులు కాపలా ఉంటే, లోపల తాళి కట్టిన పెళ్ళికొడుకు మన హనుమయ్యగారు. తనకి ఇంకా పెళ్ళి కాలేదని ఆ పెళ్ళిళ్ళు చేయించే సభవాళ్ళతో చెప్పారట. కాకినాడలో మీనాక్షమ్మగారు అప్పటికే కాపురానికొచ్చి, చంటిపిల్లాడికి పాలు పడుతున్నారు.

ఆయన పోయాక గవరమ్మగారు కొడుకుని తీసుకుని ధవళేశ్వరం నుంచి కాకినాడ వచ్చారు. మనవాళ్ళు గుమ్మంలోనే ఆపి, "ఆయన భార్య లోపల ఏడుస్తోంది. నువ్వెవరు?" అన్నారట. అప్పటినుంచి ఊళ్ళో ఆవిడకి ఉంపుడుగత్తె అనే పేరే మిగిలింది.

తాతయ్యగారూ, బంగారు రంగు ఇంకా కొనలేదు. ఏం చేయమంటారు?

వేణు


నోవై
సెప్టెంబరు 26

వేణూ,

అబద్ధం. పచ్చి అబద్ధం. గోదావరి జిల్లాల్లో హనుమయ్యలు కోకొల్లలు. కాలవలూ కోకొల్లలు. నీకు గారెలు పెట్టగానే వంశాన్ని వాళ్ళకి రాసిచ్చేస్తావా?

మా ముత్తాతగారికి రెండో సంసారం నడిపే తీరికెక్కడిది? ఉద్యోగమే ఆయన ప్రాణం. భాద్రపదంలో గోదావరికి వరదలు. అందుకని ప్రతి ఏడూ చవితి నాడు ఆయన ధవళేశ్వరం లాకుల దగ్గరే ఉండేవారు. ఆ రాత్రి పడవెక్కి మర్నాడు కాకినాడ చేరేవారు. ఆయన వచ్చేదాకా మా తాత, అంత చిన్నపిల్లాడు, ఉండ్రాళ్ళు ముట్టుకోకుండా గుమ్మంలో కూర్చునేవాడట. ఆయన వచ్చాకే మన ఇంట పండగ. నిష్ఠంటే అదీ! అలాంటి మనిషి మీద ఇలాంటి మాటా?

ఆ ఇంట్లో అద్దెకుండటం మానెయ్. నేను చెప్పినట్టే అచ్చు వేయించు.

సీతారామయ్య


హెర్న్‌డన్
అక్టోబరు 4

పూజ్యులైన తాతయ్యగారికి,

ప్రతివాది తరఫు వాంగ్మూలం అందింది. ఇంత గొప్పగా ప్రత్యర్థి వాదనని బలపరిచిన వాంగ్మూలం ఈ కోర్టు ఇంతవరకూ చూడలేదు.

మొదటిది. నెల కిందట పంచమికి కారణం చంద్రదోషం అన్నారు. ఇప్పుడు పడవ అంటున్నారు. చంద్రుడు పడవలో వచ్చాడా?

రెండోది. దామోదరంగారి ఇంట్లో చవితి ఎప్పుడూ చవితి నాడే. కానీ ఉగాది మాత్రం విదియ నాడు చేసుకుంటారు. ఊరంతా పచ్చడి తినేసి మూతి కడుక్కున్నాక, మర్నాడు వీళ్ళు వేపపువ్వు కోసుకుంటారు. ఎందుకంటే, రాధారాణిగారి మాటల్లోనే, "మా ముత్తాత ఉగాది నాడు కాకినాడ లాకుల దగ్గర డ్యూటీలో ఉండేవాడట. రాత్రి పడవెక్కి మర్నాడు వచ్చేవాడట. ఆయనొచ్చాకే మాకు పండగ."

చైత్రమాసంలో గోదావరికి వరదెక్కడిది తాతయ్యగారూ? కాలవ అడుగు కనిపించే రోజులవి. మన ఇంట ఉగాది ఏనాడైనా ఆలస్యమైందా? లేదు. ఆ రోజు ఆయన మన ఇంట్లో ఉన్నారు. చవితి నాడు వాళ్ళింట్లో ఉన్నారు. మధ్యలో పడవలో పడుకున్నారు. రెండిళ్ళవాళ్ళూ ఆయన పోయి వందేళ్ళయినా ఇంకా ఆయన పడవ కోసం ఒకరోజు ఆగుతూనే ఉన్నారు. ఇంతకంటే శ్రద్ధగా మోసపోయిన కుటుంబాలు అమెరికాలో ఉంటే నాకు చూపించండి.

ఇక్కడితో కోర్టు వేషం తీసేస్తున్నాను. దీనికి మార్కులు వేయకండి.

అప్పటి చట్టం ప్రకారం ఇద్దరు భార్యలుండటం నేరం కాదు. దాచి, ఇద్దరినీ మోసం చేయడం ఆయన చేసిన పని. ఆ పనికి ఆయనకి బంగారు అక్షరాలు దొరికాయి. ఆవిడకి ఏం దొరికింది? రాధారాణిగారికి పదిహేనేళ్ళప్పుడు సంబంధం కుదిరి, పెళ్ళిచీరలు కూడా తెచ్చాక, ఎవరో వెళ్ళి మగపెళ్ళివాళ్ళ చెవిన వేశారట, ఈ పిల్ల ముత్తవ్వకి తాళే లేదని. సంబంధం తప్పిపోయింది. తర్వాత మంచి మనిషితోనే పెళ్ళయింది. పిల్లలు, మనవలు. అయినా నిన్న ఆ మాట చెబుతూ, డెబ్భై దాటిన మనిషి, చేతిలో చపాతీ పిండి అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"మీకేం కావాలి?" అని అడిగాను.

"మాకు మీ ఇంటిపేరు వద్దు బాబూ. ఏదీ వద్దు. ఆవిడ ఆయన పెళ్ళాం అని ఆ ఇంటి పెద్ద ఒక్కడు అనాలి. మా అమ్మ వినకుండానే పోయింది. నేనైనా వింటానా అని."

ఆ ఇంటి పెద్ద ఇప్పుడు మీరే.

వేణు


నోవై
అక్టోబరు 17

వేణూ,

బ్యానరు ఆపు. దామోదరంగారి ఫోన్ నంబరు పంపు.

నీ ఉత్తరం మీ బామ్మ చదివింది. "కొడుకుని పట్టుకుని వచ్చిన ఆడమనిషిని గుమ్మంలోంచి పంపేసిన ఇల్లా ఇది? తెలిస్తే ఈ ఇంటికి కాపురానికొచ్చేదాన్నా?" అంది. నాకు మాత్రం తెలుసా? తెలియదంటే వినడం లేదు. కాఫీ ఇస్తోంది కానీ మాట్లాడటం లేదు.

నీ వాదనలో తప్పు వెతికాను. ఉగాది దగ్గర ఆగిపోయాను.

తాతయ్య


హెర్న్‌డన్
నవంబరు 2

తాతయ్యగారికి,

మీరు ఫోన్ చేసినప్పుడు నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. దొంగతనంగా వినే అవసరం లేదు లెండి. దామోదరంగారి మాటలు వీధిలోకి కూడా వినపడ్డాయి. మొదట ఇద్దరూ కాలవల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఏ లాకు ఎక్కడుందో దెబ్బలాడుకున్నారు. ఎవరు ముందు పుట్టారో లెక్కలేసుకున్నారు. ఆఖరికి ఆయన "అయితే అన్నయ్యా" అన్నారు. వెంటనే "లైన్ కట్ అయిందా?" అని ఆయన ఫోన్ దులిపారు.

వరస ప్రకారం ఆయన నాకు చిన్నతాతయ్య. "అంకుల్" అన్నందుకు మొట్టికాయ పడింది కూడా. వరస కలిసిన మర్నాటినుంచీ నన్ను చెత్తడబ్బా బయట పెట్టమంటున్నారు. అద్దెకున్నవాడికుండే గౌరవం పోయింది.

రాధారాణి నాయనమ్మకి ఫోన్ ఇచ్చాక మీరేదో చెప్పబోతే ఆవిడ ఆపేసిందని మీకు కోపం వచ్చి ఉంటుంది. ఆవిడ మాట నాకు నచ్చింది. "ఫోన్లో వద్దు అన్నయ్యా. మా ముత్తవ్వని నలుగురి ముందు కాదన్నారు. నలుగురి ముందే అవునను." టికెట్లు నేనే బుక్ చేశాను. ఇద్దరూ థాంక్స్‌గివింగ్ ముందురోజు బుధవారానికి డెట్రాయిట్లో దిగుతారు.

నేను రాలేను. మేం నడిపే షాపు వెబ్‌సైట్‌కి ఏడాదికంతటికీ ఆ మర్నాటి శుక్రవారమే అమ్మకాల పండగ. అది కూలిపోతే లేపడానికి నేను లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఇన్నాళ్ళూ వెటకారం చేసినవాడికి అసలు ఘట్టం చూసే యోగం లేదు. మీరు నవ్వుకోవచ్చు.

కొత్త బ్యానరు పంపుతున్నాను. రెండు కొమ్మలు, ఇద్దరమ్మల పేర్లూ ఒకే ఎత్తులో, ఒకే సైజులో. "ఏకపత్నీవ్రతులు" తీసేశాను. మామిడికాయలు మాత్రం ఉంచాను.

తాతయ్యగారూ, విశ్వనాథం చిన్నతాత ఏమంటారో నాకు తెలుసు. మీకూ తెలుసు. అయినా అనండి.

వేణు


నోవై
నవంబరు 28

చిరంజీవి వేణుకి,

నువ్వు రాలేదు కనక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నీలాగా మసాలా వేయడం నాకు చేతకాదు.

గురువారం పొద్దున ఇల్లంతా జనం. గరాజ్‌లో కూడా కుర్చీలు వేశాం. రాధారాణి నీలంరంగు పట్టుచీర కట్టుకుని, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, సోఫా చివర కూర్చుంది. దామోదరం వచ్చిన దగ్గరనుంచీ నా పక్కనే ఉన్నాడు. వాడు నాకంటే చిన్నవాడే. లెక్క తేలింది.

బ్యానరు విప్పగానే విశ్వనాథం లేచాడు. "అన్నయ్యా, ఇదేమిటి? ఈ రెండో పేరేమిటి? పిల్లలందరూ చూస్తున్నారు. మన పరువేం కావాలి?"

ఆ మాటకి జవాబు రాసుకునే ఉన్నాను. కాగితం జేబులోంచి తీశాను కూడా. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనిపించలేదు. సరే, నోటికొచ్చిందే చెప్పాను.

"విశ్వం, ఆయన ఇద్దరికి తాళి కట్టాడు. ఇద్దరితోనూ అబద్ధమాడాడు. తప్పు ఆయన చేస్తే, శిక్ష మనం ఆవిడకి వేశాం. వందేళ్ళు వేశాం. నేనైతే ఆ తప్పు చేసినవాడి పేరుతో బడిలో నీతిపాఠాలు చెప్పాను. పరువంటే ఇదేనా? నువ్వు కూర్చో."

కూర్చున్నాడు. చిన్నప్పుడు కూడా అలాగే కూర్చునేవాడు.

తర్వాత నేను రాధారాణి వైపు తిరిగి నిలబడ్డాను. ఉపన్యాసాలు చాలా ఇచ్చాను కానీ, ఇంత చిన్నది ఎప్పుడూ ఇవ్వలేదు. "గవరమ్మగారు మా ముత్తాత హనుమయ్యగారి భార్య. మా ముత్తవ్వ. ఈవిడ ఈ ఇంటి ఆడపడుచు" అన్నాను.

రాధారాణి తలెత్తి, "వెనకవాళ్ళకి వినపడలేదు అన్నయ్యా. ఇంకోసారి అను" అంది.

అన్నాను.

"గరాజ్‌లో వాళ్ళకి?"

మళ్ళీ అన్నాను. ఈసారి బడిలో ప్రార్థన చెప్పించే గొంతుతో. దాంతో మన ఆరవ్, వాడికి ఏమర్థమైందో ఏమో, క్లాసులో లాగా తిరిగి చెప్పాడు. తన్వి అందుకుంది. ఆ పక్క పిల్లలు కూడా అందుకున్నారు. ఆ అమెరికా యాసలో 'గవరమ్మ'ని చిత్రవధ చేశారనుకో. అయినా, "గవరమ్మగారు హనుమయ్యగారి భార్య" అని గరాజ్ దాకా ఒకటే కేక. పక్కింటి అమెరికావాళ్ళు కిటికీలోంచి చూశారు. పిల్లలు అంటున్న ప్రతిసారీ రాధారాణి "ఊఁ, ఇంకోసారి" అంటూనే ఉంది. కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసి నవ్వుతోంది.

మీ బామ్మ చీర తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది. ఆవిడ చీర అంచు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది వదినా, జరీ కాస్త పల్చన" అంది. ఇల్లంతా గొల్లుమంది. హక్కు చేతికందిన నిమిషానికే ఆడపడుచు వంక పెట్టిందంటే, ఇక ఆవిడ మన ఇంటి మనిషి కాదనే దమ్ము విశ్వనాథానికే కాదు, ఎవడికీ లేదు.

నీ ఉత్తరాలన్నింటికీ కలిపి నూటికి నూరు వేస్తున్నాను. ఇన్ని మార్కులు నేను ఎవరికీ వేసి ఎరగను. నెత్తికెక్కించుకోకు.

మీ తాతయ్య,
సీతారామయ్య